ఉపమేయం లేని పోలికలు

మా ఆవిడ ఆ మాట అన్నప్పుడు గోంగూర వలుస్తోంది. నేను వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని ఒక అమెరికన్ పద్యానికి అర్థం చెబుతున్నాను. చలికాలం చివర్లో ఒక పెద్ద దుకాణం ముందు కార్లు నిలిపే స్థలం. ఒక్క కారూ లేదు. మధ్యలో ఒక మనిషి తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పద్యమంతా అంతే. అతనెవరో, ఎందుకు నిలబడ్డాడో కవి చెప్పడు.

"ఆ ఖాళీ ఎలాంటి ఖాళీ అండీ?" అని అడిగింది.

"ఖాళీ అంటే ఖాళీయే. కార్లుండాల్సిన చోట లేవు."

ఆమె చేతిలో కాడ అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించి, "నీళ్ళు తోడేసిన చెరువులో తాళాలు పట్టుకుని నిలబడ్డాడు అని రాయండి" అంది.

రాశాను. బాగుందని కూడా అన్నాను. అన్నానికి కూర్చున్నాక మాత్రం ఆ మాట గొంతులో ముల్లులా నిలిచింది. నీళ్ళు తోడేసిన చెరువు. ఎవరి చెరువు? ఈ ఇల్లేనా?

ఆ ప్రశ్న వల్ల నేను పోగొట్టుకోబోయింది ఏమిటో ముందే చెబుతాను. సాయంత్రం వంట పనిలో ఆమె నోటికొచ్చిన మాట నాతో అనే ఆ గంట. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా ముందు ఏమీ తూచుకోకుండా మాట్లాడిన సమయం అదొక్కటే. మేం చేస్తున్న అనువాదాల పుస్తకం ఆ గంటలోంచే వస్తోంది. పుస్తకం ఆగిపోయినా నాకు పెద్ద నష్టం లేదు. ఆ గంట పోతే ఇంట్లో ఇద్దరం పక్కపక్క గదుల్లో అద్దెకున్నవాళ్ళమే.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. పీజీ పిల్లలకు ఆధునిక అమెరికన్ కవిత్వం నా పేపరు. ఇల్లు ఏలూరులో. రోజూ రైల్లో వెళ్ళి వస్తాను. ఆమె పెదపాడు దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరు. విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త కొన్ని అమెరికన్ పద్యాలు తెలుగులో కావాలని అడిగితే ఒప్పుకున్నాను. చేయబోతే తెలిసింది, నా తెలుగు ప్రశ్నపత్రం తెలుగు. ఒకసారి తను పక్కనుంచి వింటూ ఒక వాక్యం సరిచేసింది. ఆ తర్వాత నేను అర్థం చెప్పడం, తను మాట చెప్పడం అలవాటైపోయింది. ఆమె ఇంగ్లీషు కాగితం వైపు చూసేది కాదు. "చూస్తే ఆ మాటలే అడ్డం పడతాయండి, మీరు చెప్పండి చాలు" అనేది.

అలంకారాల సంగతి నాకు ఆమె చెప్పినంత తేలికగా ఎవరూ చెప్పలేదు. "మేం టెన్త్ పిల్లలకి ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు చెబుతాం కదండీ. ముఖం చంద్రుడిలా అందంగా ఉందంటే నాలుగూ ఉన్నాయి. మీ అమెరికా వాళ్ళు చంద్రుణ్ణి ఒక్కణ్ణీ మన చేతిలో పెట్టి వెళ్ళిపోతున్నారు. ముఖం ఎవరిదో మనమే వెతుక్కోవాలి" అంది ఒకరోజు, కూరలో ఉప్పు చూస్తూ. నేను ఆ మాటను మర్నాడు క్లాసులో నా మాటగా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

అదే నా పని. పిల్లల చేత రాయించడం. మంచు అంటే చావు, దారి అంటే జీవితం, కిటికీ అంటే తీరని కోరిక. ఇన్నేళ్ళుగా ఇవే చెబుతున్నాను. పరీక్షలో మార్కులు దీనికే వస్తాయి. ఆ ఏడాది ఉంగుటూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, వాళ్ళ ఊళ్ళో ఏటా మంచు పడుద్ది కదండీ. ఏటా చచ్చిపోతారాండీ?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. "ముందు నోట్సు పూర్తిచెయ్" అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఏ వస్తువూ ఉత్త వస్తువు కాదని, ప్రతిదాని వెనకా ఎవరో దాక్కుని ఉంటారని నేను పిల్లలకు నేర్పేది పాఠం కాదు, అనుమానమే.

అది నాకు కాలేజీలో వచ్చింది కాదు. మాది ఏలూరులో పాత మిషను కాంపౌండు కుటుంబం. నాన్న బడిపంతులు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ సూటిగా ఒక మాట అనేవారు కాదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నాన్న ఏ అధ్యాయం తీస్తే దాన్నిబట్టి ఆ రోజు తప్పెవరిదో మాకు తెలిసేది. గర్వం గురించి చదివితే అన్నయ్య. నాలుక గురించి చదివితే అమ్మ. తిండి గురించి చదివితే నేను. అమ్మ తిరిగి ఒక్క మాట అనకుండా, తన వంతు వచ్చినప్పుడు క్షమాపణ గురించి ఉన్న కీర్తన ఎత్తుకునేది. అది క్షమాపణ అడగడమో, అడగమనడమో నాకిప్పటికీ తెలీదు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఎవరైనా ఉత్తినే ఒక మాట అంటారన్న నమ్మకం ఉండదు.

చెరువు మాట వచ్చిన తర్వాత వారం, నన్ను పట్టుకున్న రెండో పద్యం వచ్చింది. ఒకావిడ ఫోనులో చెల్లెలితో మాట్లాడుతుంటుంది. బయట భర్త కారు వచ్చి ఆగుతుంది. దీపాల వెలుగు పైకప్పు మీదుగా జారుతుంది. ఆమె మాట ఆపేస్తుంది. నేనిది చెప్పేసరికి మా ఆవిడ పెద్దగా ఆలోచించలేదు. "గట్టు మీద టార్చి కదిలింది. చేపలు అడుక్కి పోయాయి" అంది.

నేను టైపు చేయడం ఆపాను. "ఇందులో చేపలెక్కడివి?"

"పైకప్పు మీద వెలుగు జారితే వాళ్ళకి తెలుస్తుంది కానండీ, మనవాళ్ళకి తెలియదు కదా. మన ఇళ్ళల్లో మొగుడు కార్లో వస్తాడేంటి?"

మాట సబబుగానే ఉంది. కానీ నేను విన్నది వేరు. గేటు తీసిన చప్పుడుకు ఇంట్లో ఏ మాటలు ఆగిపోతున్నాయి? మర్నాటి నుంచి గేటు చప్పుడు కాకుండా తీయడం మొదలుపెట్టాను. ఇంట్లోకి వచ్చేసరికి ఆమె ఒక్కతే ఉండేది, టీవీ పెట్టుకుని. ఉలిక్కిపడి, "దగ్గన్నా దగ్గొచ్చు కదండీ, దొంగలాగా" అనేది. దొంగలాగా అన్న మాటనూ నేను రాత్రంతా నమిలాను.

మూడోది గోడ అవతల పియానో వింటున్న ఒంటరి మనిషి గురించి. ఆమె దాన్ని, పక్కింటి కుక్కరు విజిళ్ళు మనం లెక్కపెట్టడంగా మార్చింది. ఇప్పుడైతే అంతకంటే మంచి మాట ఆ పుస్తకంలో లేదంటాను. అప్పుడు మాత్రం పక్కింటివైపు చూశాను. పక్కింట్లో ఉండేది రిటైరైన పోస్టుమాస్టరు గారు. డెబ్బై దాటాయి. వినపడదు. ఆయన్ని కూడా రెండు రోజులు అనుమానించాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే మిగతాది అబద్ధమవుతుంది.

ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను చూశాను. స్కూలు గ్రూపులో సెలవుల మెసేజీలు, తమ్ముడు పంపిన చేపల ధరలు, సంఘం పాటలు. ఏమీ లేకపోవడం నాకు రుజువులా కనిపించింది. పద్యాల్లో అన్ని మాటలు దాచగలిగిన మనిషి ఫోనులో దాచలేదా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం కాలేజీకి సెలవు పెట్టి పెదపాడు వెళ్ళి స్కూలు ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాను. గంట కొట్టారు. ఆమె ఇంకో టీచరమ్మతో బయటికొచ్చి, ఆటో కోసం నిలబడి, జామకాయలు బేరమాడి, కొనకుండా వెళ్ళిపోయింది. ఆటో కదిలాక టీ కొట్టతను నన్ను చూసి, "ఏవండీ, ఎవరి కోసమైనా చూస్తున్నారా?" అన్నాడు. "లేదు" అన్నాను. "మరి ఇంకో టీ పెట్టమంటారా, ఇంకాసేపు చూస్తారేమో?" అన్నాడు.

మా సంఘంలో శుక్రవారం స్త్రీల ప్రార్థన ఉంటుంది. ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. అక్కడ ప్రార్థన విన్నపాలు పేర్లు లేకుండా చెబుతారు. ఒక సహోదరి కుటుంబం కోసం, ఒక బిడ్డ చదువు కోసం, అలా. ఆ వారం మా ఇంట్లోనే. నేను లోపలి గదిలో తలుపు కొంచెం తీసి కూర్చున్నాను. పాస్టరమ్మగారు, "ఒక సహోదరి భర్త మనసు మెత్తబడేలా ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ "ఆమేన్" అన్నారు. మా ఆవిడ ఆమేన్ మిగతావాళ్ళకంటే గట్టిగా వినిపించింది నాకు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారిని పక్కకు పిలిచి అడిగేశాను. "ఆ భర్త ఎవరండీ?"

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరు కాదులెండి మాస్టారూ. మీకు కూడా కావాలంటే చెప్పండి, వచ్చే వారం కలుపుతాం" అన్నారు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అక్కడితో ఆగాల్సింది. ఆగకుండా కైకలూరు వెళ్ళాను.

మా ఆవిడ పుట్టిల్లు కొల్లేరు అంచున కైకలూరు దగ్గర ఒక ఊరు. మామగారు పోయాక చెరువులు ఆమె తమ్ముడు చూసుకుంటున్నాడు. నన్ను చూసి అతను చెరువు గట్టు మీంచి పరుగున వచ్చాడు. "ఏంటండీ బావగారూ, అక్క లేకుండా? ఒంట్లో బాగానే ఉందా అక్కకి?" నేను పుస్తకం పని మీద వచ్చానని చెప్పాను. పద్యంలో చెరువు మాట వచ్చిందని, నీళ్ళు తోడేయడం ఎలా ఉంటుందో చూడాలని. ఆ పక్కనే అలాంటి చెరువు ఒకటి ఉంది. చేప పట్టేసి, ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడేసి, ఎండబెట్టారు. బురద నెర్రెలిచ్చి, అక్కడక్కడా కొంగలు వాలి ఉన్నాయి. గట్టు మీద కాపలా మకాం తలుపు వేసి ఉంది.

"మా చిన్నప్పుడు చెరువు ఎండగడితే మాకు పండగండీ" అన్నాడు బావమరిది. "నీళ్ళున్నన్నాళ్ళూ నాన్న మకాంలోనే పడుకునేవారు, దొంగల భయానికి. ఇంటికి అన్నం తినడానికి కూడా వచ్చేవారు కాదు, అక్క కేరేజీ పట్టుకెళ్ళేది. నీళ్ళు తోడేస్తే కాయడానికేం ఉందండీ, తాళం వేసి ఇంటికి వచ్చేసేవారు. మళ్ళీ చేపపిల్ల వేసేదాకా మాతోనే."

తాళాల మనిషి ఎవరో తెలిసింది కదా అని ఎవరైనా ఇక్కడ తృప్తిపడి ఇంటికి పోతారు. నేను పోలేదు. ఆ మాట విన్నాక కూడా, "మీ అక్కకి పెళ్ళికి ముందు ఇక్కడ ఎవరితోనైనా..." అని మొదలుపెట్టాను. పూర్తి చేయలేదు గానీ, అతనికి అర్థమైంది. అతని ముఖంలో మర్యాద మాత్రం మిగిలి, మిగతాది పోయింది. "ఎండగా ఉందండి బావగారూ, ఇంటికి పదండి, మజ్జిగ తాగుదురుగాని" అన్నాడు. మజ్జిగ ఇచ్చాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. కొర్రమీను ఇస్తానని కూడా అన్నాడు.

నేను ఏలూరు చేరేసరికి అతని ఫోను నాకంటే ముందే చేరింది.

ఆమె అరవలేదు. వంటింట్లో ఎప్పటిలాగే పీట మీద కూర్చుని ఉంది. ముందు కూర లేదు, కత్తిపీట లేదు. "కూర్చోండి" అంది. కూర్చున్నాను.

"మా తమ్ముడి దగ్గరికి చెరువు గురించి వెళ్ళారా, నా గురించి వెళ్ళారా?"

"పద్యం కోసం..."

"పద్యం కోసమైతే నన్ను అడగొచ్చు గదండీ. పద్యం చెప్పింది నేనే కదా. ఫోను కూడా చూశారు. పెట్టిన చోట పెట్టలేదు. ఆ టీ కొట్టాయన మా స్కూలు ఆయాకి అన్న. మీరు చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నారట" అంది.

నేను తల దించుకున్నాను. అప్పుడు కూడా, సిగ్గు పడుతూనే, అడిగాను. నా రోగం అంతటిది. "ఆ టార్చి?"

"టార్చి మా నాన్నది. గట్టు మీద రోజూ చూసిందే. చేపలు అడుక్కి పోవడం మాత్రం ఈ ఇంట్లో నేర్చుకున్నాను" అంది. "కొన్ని మీ గురించేనండి. కాదని అబద్ధం ఎందుకు చెప్పాలి? అన్నీ కాదు. ఏవో చెప్పను."

నేను భయపడినట్టుగా ఇంకెవరూ లేరు. దాచిన ఉపమేయం కొన్నిచోట్ల నేనే. ఊరంతా తిరిగి వెతికిన మనిషి కుర్చీలోనే ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం ఏమీ జరగనట్టు పద్యం చదివి అర్థం చెప్పాను. ఆమె కూడా ఏమీ జరగనట్టే మాట చెప్పింది. కిటికీ అంటే కిటికీ. వాన అంటే వాన. "ఇంకేమైనా?" అని అడిగితే, "అదేనండి అర్థం, మీరు చెప్పిందే" అనేది. రోడ్డు పక్కన ఆగిపోయిన లారీ మీద ఒక మంచి పద్యం ఉంది. దానికి ఆమె ఇచ్చిన తెలుగు, రోడ్డు పక్కన ఆగిపోయిన లారీ. వాక్యంలో తప్పు లేదు. ఏ మాటకూ ఆమెను పట్టుకోవడానికి వీల్లేదు. నా దగ్గర దాక్కోవాలంటే పోలిక మానేయడమే దారి అని తెలుసుకుంది. పిల్లలకు అలంకారాలు చెప్పే మనిషి ఇంట్లో అలంకారం లేకుండా మాట్లాడసాగింది. పాలు వచ్చాయి. కరెంటు పోయింది. అన్నం పెట్టాను.

ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "ఈమధ్య పంపినవి మూలానికి బాగా దగ్గరగా ఉన్నాయి సార్. తప్పు పట్టడానికేం లేదు. కానీ చదవబుద్ధి కావట్లేదండీ. మొదటివి చేసింది మీరేనా?"

"కాదు" అన్నాను. అంతకుముందు ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలుసు. ఒప్పందంలో నా పేరొక్కటే ఉంది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ పూట ఫోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన, "మరి మేడం గారితో మాట్లాడొచ్చాండీ?" అన్నాడు. ఫోను తీసుకెళ్ళి ఆమెకిచ్చి, వీధిలోకి వచ్చి నిలబడ్డాను. లోపల ఆమె మాట వినిపిస్తోంది, ఏ మాటో వినిపించడం లేదు. గోడకు దగ్గరగా జరగాలని కాళ్ళు లాగాయి. కుళాయి దాకా నడిచి అక్కడే ఉండిపోయాను.

ఆమె బయటికొచ్చి తన షరతు చెప్పింది. అర్థం నేను చెప్పాలి. మాట తను రాసుకుంటుంది, తన చేత్తో. నేను చూడకూడదు. నేరుగా విజయవాడ పంపుతుంది. అచ్చయ్యాక చదవాలి, అందరితోపాటు.

"అంత నమ్మకం లేదా నా మీద?" అన్నాను.

"మీకు లేనిది నాకెక్కణ్ణుంచి వస్తుందండీ?" అంది, కోపం లేకుండా.

అలాగే జరిగింది. సాయంత్రాల్లో నేను పద్యం చెబుతాను. ఆమె వింటుంది, కొన్ని ప్రశ్నలడుగుతుంది. ఆ తర్వాత నేను లేచి ముందు గదిలోకి వెళ్ళిపోతాను. కలం కదిలే చప్పుడు వినిపించదు, అయినా వింటూ కూర్చునేవాణ్ణి. నిజం చెప్పాలంటే రెండుసార్లు మంచినీళ్ళ నెపంతో లేచాను. రెండుసార్లూ ఆమె కాగితం తిప్పి పెట్టింది, తలెత్తకుండా. మూడోసారి లేవలేదు. కాలేజీలో కూడా కొంత మారాను. మంచు అంటే ఏమిటని అడిగితే, ముందు ఎంత పడిందో, ఎవరు నడిచారో చూడండి అంటున్నాను. పిల్లలకు ఇది నచ్చలేదు. గైడు కొనుక్కున్నారు.

పుస్తకం ఈ మధ్యే పార్సిల్లో వచ్చింది. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆమె పేరు ముందు. ఆదివారం మధ్యాహ్నం ముందు గదిలో కూర్చుని నాకు తెలియని పేజీలు మొదలుపెట్టాను. ఆమె ఎదురుగా కూర్చుని మినప్పప్పులో రాళ్ళు ఏరుతోంది. మాటలు తిరిగొచ్చాయి. ఆ లారీ కూడా మారింది. ఏమైందో ఇక్కడ రాయను.

ఒక పద్యం దగ్గర ఆగాను. ఒక మనిషి గొడవపడి తన ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉంటాడు. ఎవరో మరిచిపోయిన కోటులా ఉన్నాడని మూలంలో ఉంది. అర్థం చెప్పింది నేనే, గుర్తుంది. ఆమె కోటు తీసేసింది. ఆరాధన అయిపోయి అందరూ వెళ్ళిపోయాక మందిరం గుమ్మం దగ్గర మిగిలిన ఒక జత చెప్పులు, అని రాసింది. అంతే. ఆ చెప్పుల మనిషి మరిచిపోయి వట్టికాళ్ళతో వెళ్ళిపోయాడా, లేక ఇంకా లోపలే మోకరించి ఉన్నాడా? ఆ చెప్పులు నేనైతే, మొదటిదానికి అర్థం ఆమె నన్ను వదిలేసినట్టు. రెండోదైతే ఇంకా నా కోసం కనిపెట్టుకుని ఉన్నట్టు. లేదా నేనసలు అందులో లేనే లేను.

పేజీ తిప్పకుండా చాలాసేపు ఉన్నట్టున్నాను. చేటలో గింజల చప్పుడు ఆగింది.

"అడగాలని ఉందా?" అంది.

"ఉంది."

"అడుగుతారా?"

"అడగను."

చేట మళ్ళీ కదిలింది. ఆమె నవ్విందేమో తెలియదు. తలెత్తి చూడలేదు. చూస్తే ఆ నవ్వుకు కూడా అర్థం వెతుకుతానని నాకు తెలుసు. పేజీ తిప్పాను.